అపనిందయు ఆపద్రక్షకుడును



మా మనుమడు పదునొకండేండ్లవాడు. వేసవి సెలవులకు వచ్చినప్పుడెల్ల సంచినిండ బొమ్మల పుస్తకములు తెచ్చుకొనును. ఈ యేటి సెలవులలో నొకనాటి మధ్యాహ్నము వాడు నా మంచముకడ కూర్చుండి, "తాతయ్యా, నే నొక కథ చెప్పెదను, వినెదవా?" అని యడిగెను. ముప్పదియైదేండ్లు ఊరి పిల్లలకు కథలు చెప్పినవాడను, నా యింటి పిల్లవాడు చెప్పెద ననగా వినక యెట్లుందును? వింటిని.

కథ యిది. ఒక మహానగరములో నీతిమంతుడైన యధికారి యొకడు కలడు. ఒక పెద్ద కంపెనీవారు తమ దుర్వ్యాపారమున కాయన యడ్డుగా నున్నాడని లంచము చూపిరి, ఆయన పుచ్చుకొనలేదు. బెదరించిరి, బెదరలేదు. అంతట దొంగపద్దులు పుట్టించి, ఆయనయే ధనమపహరించెనని నింద మోపిరి. పత్రికలు నమ్మెను, న్యాయాధిపతి నమ్మెను, తుదకు బంధువులును నమ్మిరి. సంకెళ్లు తగిలించు సమయమునకు ఆకాశమార్గమున నొక వీరుడు వచ్చి, గోడలు పగులగొట్టి, దొంగల గుట్టు బయటపెట్టి, అధికారిని విడిపించెను. కథ ముగిసినది.

పిమ్మట పుస్తకము మూసి వాడు నన్నొక ప్రశ్న యడిగెను. "తాతయ్యా, నిజముగా నెవరిమీదనైన అట్లు నింద పడినయెడల, కాపాడుట కెవడైన వచ్చునా?"

నే నానాడు తగిన యుత్తర మీయలేకపోతిని. ఈ పూట మీతో మాటలాడునది ఆ యుత్తరమే.

ముందుగా ఈ వీరుల కథలను గూర్చి రెండు మాటలు. బొమ్మల కథలని మనము వీనిని చులుకన చేయరాదు. అమెరికా దేశమున క్లీవ్‌లండు నగరములో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అను నిద్దఱు చిన్ననాటి మిత్రులు కలరు. వారు కల్పించిన సూపర్‌మాన్ అను నతిమానుషవీరుని కథ 1938లో మొదట వెలువడెను. ఆ మొదటి కథలో నాతడు చేసిన మొదటి పనియేమి? చేయని హత్యకు మరణశిక్ష పొందనున్న యొక స్త్రీని కాపాడుట. అసలు హంతకురాలి యొప్పుదల పత్రమును చేతబట్టుకొని, నడిరాత్రి రాష్ట్రపాలకుని నిద్రలేపి, శిక్ష నిలిపించెను. మఱుసటి యేడు, అనగా 1939లో, బాట్‌మాన్ అను ముసుగు వీరుడు పుట్టెను. వాని మొదటి కథలో నొక రసాయనముల కంపెనీ యజమాని హత్యకు గురియగును. చంపిన కత్తిమీద కొడుకు వ్రేలిముద్రలున్నవి గనుక రక్షకభటుల యనుమానము కొడుకుమీదికి పోవును. అసలు దోషి కంపెనీలోని భాగస్వామియే. తోటివారి వాటాలకు సొమ్ము చెల్లింప నిష్టము లేక వారి నొక్కొక్కరినే కడతేర్చ నుద్యుక్తుడయ్యెను. చూచితిరా! ఆ వీరులు పుట్టుటయే అపనిందను తొలగించుటకు పుట్టినారు. మానవుని కపనింద యెంత దుస్సహమో ఆ కథకు లెఱిగిరి.

అయితే ఆ కథవెనుక నింకొక కథ కలదు. సీగెల్, షుస్టర్ లిరువురును తమ వీరునిపై సర్వహక్కులను 130 డాలర్లకు ప్రచురణకర్తల కమ్మివేసిరి. ఆ వీరునివలన కంపెనీలు కోట్లు గడించెను. పుట్టించినవారు ముదిమిలో నిక్కట్లు పడిరి. పర్వతముల నెత్తగల వీరుడు తన్ను గన్నవారిని కాపాడలేకపోయెను. తుదకు 1975లో సీగెల్ తన గోడు పత్రికల కెఱిగింపగా, తోడి చిత్రకారులు కొందఱు వారి పక్షమున నిలిచి యొత్తిడి తేగా, కంపెనీవారు దిగివచ్చి, ఒక్కొక్కరికి సాలునకు 20,000 డాలర్ల భృతియు, కథపై వారి పేర్లును ఇచ్చుట కంగీకరించిరి. కాపాడినది యెవరు? నోరు విప్పిన బాధితుడును, వానిప్రక్కన నిలిచిన తోటివారును.

మన పురాణము చెప్పినదియు నిదియే. వినాయకచవితినాడు ప్రతి యింటను అక్షతలు చేతబట్టుకొని శమంతకోపాఖ్యానము వినుచున్నాము. శ్రీకృష్ణుని మీదనే నీలాపనింద పడెను. ప్రసేనుని చంపి మణి నపహరించెనని సత్రాజిత్తు నిందించెను. ద్వారకలో చెవులు కొఱుకుకొనిరి. ఆ స్వామికి చక్రము లేదా? తలచిన నిమేషములో నిందించినవాని నోరు మూయింపలేడా? కాని యేమి చేసెను? పౌరులను వెంటబెట్టుకొని యడవికి పోయెను. ప్రసేనుని కళేబరము చూపెను, గుఱ్ఱమును చూపెను, సింహపు టడుగుజాడలను పట్టి పోయి చచ్చిపడిన సింహమును చూపెను, అచ్చటనుండి భల్లూకపు జాడలవెంబడి గుహను చేరెను. జాంబవంతునితో నిరువదియెనిమిది దినములు పోరి మణిని గొని వచ్చెను. తెచ్చిన మణిని చాటుగా నీయక, రాజసభకు సత్రాజిత్తును పిలిపించి, దొరకిన తెఱంగెల్ల నెఱిగించి, పదిమంది యెదుట నిచ్చెను. భగవంతుడే అపనిందను బాపుకొనుటకు మూడు పనులు చేయవలసివచ్చెను: జాడ వెదకుట, సాక్షులను వెంటగొనుట, సభలో బయటపెట్టుట. ఏటేట వినుచు మనము తలపై అక్షతలు చల్లుకొని యూరకున్నాము గాని, ఆ మూడు పనులను గుర్తింపలేదు.

ఇక కల్పనయు పురాణమును గాని యొక సంగతి వినుడు. ఇది మన కాలమున బ్రిటను దేశములో జరిగినది.

అచ్చటి గ్రామములలో తపాలాఫీసు తఱచుగా నొక చిల్లర యంగడిలో నొక మూల నుండును. దానిని నడపువారిని సబ్‌పోస్టుమాస్టరు లందురు. ఆ కాలమున వృద్ధులకు పింఛనులు పంచుట, బిళ్ల లమ్ముట, సొమ్ము జమకట్టుట వారి పనిగా నుండెను. ఊరిలో గౌరవము గలవారు. పెక్కుమంది తమ యిల్లు వాకిలి అమ్మి ఆ యంగడి కొనుక్కొన్నవారు. తపాలా సంస్థ ప్రభుత్వపు సొత్తే గాని కంపెనీగా నడచును. ఆ సంస్థ 1999 మొదలు హొరైజన్ అను కంప్యూటరు లెక్కల పద్ధతిని ప్రవేశపెట్టెను. దానిని నిర్వహించినది ఫుజిత్సు అను గొప్ప కంపెనీ.

అంతటినుండి ఊరూర తఱుగులు పుట్టసాగెను. పెట్టెలోని రొక్కము సరిగనే యుండును. యంత్రము మాత్రము ఇంత తక్కువయని చూపును. లెక్కలు వ్రాసిన మీకు అర్థమగునట్లు ఒక యుదాహరణము చెప్పెదను. స్కాట్లండులో డాల్మెలింగ్టన్ అను నూర 2015లో నొక యుద్యోగిని 8,000 పౌనుల రొక్కము చేరినట్లు యంత్రమునకు తెలుపబోయెను. తెర కదలక నిలిచిపోయెను. ఆమె మీటను మఱల మఱల నొక్కెను. యంత్ర మా 8,000లను నాలుగు పర్యాయములు కూడి 32,000 చేరినట్లు వ్రాసికొనెను. చేతనున్నది 8,000, పద్దులో 32,000, తఱుగు 24,000. దొంగ యెవరు? మీటయే దొంగ. కాని యంత్రము సాక్ష్యమిచ్చినప్పుడు మనుష్యుని మాట యెవరు విందురు? అచ్చటి న్యాయస్థానములలోను, కంప్యూటరు తప్పని చూపనంతవఱకు అది సరిగనే పనిచేయుచున్నదని యెంచవలెనను నియమము కలదు.

తమ తప్పిదమువలన తఱుగు వచ్చినయెడల సబ్‌పోస్టుమాస్టరు పూడ్చవలెనని యొప్పందము. కావున పెక్కుమంది తమ నిలువలు, నగలు, బంధువుల సొమ్ము తెచ్చి పోసిరి. పోసినకొలది తఱుగు పెరిగెను. సహాయము కొఱకు టెలిఫోను చేసినవారిలో ననేకులకు వచ్చిన జవాబు, "ఇట్టి చిక్కు నీ కొక్కనికే వచ్చినది, మఱెవ్వరికిని లేదు" అని. ఆ మాట యసత్యము. అదే దినమున వేఱొక యూర వేఱొకడు అదే మాట వినుచుండెను.

1999 మొదలు 2015 వఱకు 900 మందికి పైగా దొంగతన మనియు, దొంగలెక్క లనియు, మోస మనియు శిక్షితులైరి. వీరిలో నధికసంఖ్యాకులపై నేరము మోపినది తపాలా సంస్థయే, విచారించినది సంస్థయే, న్యాయస్థానమున కీడ్చినదియు సంస్థయే. భారతదేశమున పుట్టి అచ్చట స్థిరపడిన యొక యిల్లాలు, గర్భవతియై యుండగా, తన కుమారుని పదియవ పుట్టినదినమున 2010లో చెఱసాలకు పోయినది. ఇండ్లు పోయినవారు, దివాలా తీసినవారు, పిల్లలు బడిలో దొంగబిడ్డలనిపించుకొన్నవారు లెక్కకు మిక్కిలి. ప్రభుత్వము నియమించిన విచారణాధిపతి 2025 జూలైలో వెలువరించిన నివేదికలో, కనీసము 13 మంది ఈ దుఃఖముచేత ప్రాణములు తీసికొని యుండవచ్చునని వ్రాసినారు.

యంత్రములో లోపములున్న సంగతి సంస్థవారికి తెలియదా? యంత్రము నమ్మదగినదా యను విషయమున గంభీరమైన చిక్కులున్నవని సంస్థ యెఱిగియు, ఆ సంగతి నిందితులకు తెలుపలేదని 2021లో పై న్యాయస్థానము నిర్ణయించినది. ఊరి పోస్టుమాస్టరున కెఱుకలేకుండ దూరమునుండి పద్దు మార్చుట అసాధ్యమని సంస్థవారు పలుమాఱులు పలికిరి. సాధ్యమేయని తరువాత తేలినది.

ఇట్టి యాపదలో ఆకాశమునుండి యెవరైన వచ్చిరా? రాలేదు. వచ్చినవా డొక అంగడివాడు. ఆయన పేరు ఆలన్ బేట్స్. వేల్సులో లాండుడ్నో పట్టణమున నొక చిన్న తపాలాఫీసును 1998లో కొనుక్కొన్నాడు. తఱుగు చూపినప్పుడు, "లెక్క చూపుడు, పిమ్మట సొమ్మడుగుడు" అని పట్టుపట్టెను. ప్రతి కాగితమును భద్రపఱచెను. 2003లో సంస్థ ఆయన యొప్పందమును రద్దుచేసెను. పెట్టిన పెట్టుబడి పోయెను. ఆయన యూరకుండలేదు. తనవంటివారి నొక్కొక్కరినే వెదకెను. 2009లో నొక కంప్యూటరు పత్రిక ఏడుగురి కథలను ప్రచురించెను. ఆ సంవత్సరమే వార్విక్‌షైరులో ఫెన్నీ కాంప్టన్ అను పల్లెలోని సభామందిరమున బాధితులు తొలిసారి కలిసికొనిరి. "నీ కొక్కనికే" అని విన్నవారందఱును ఒకరి ముఖ మొకరు చూచుకొని, తాము ఒంటరివారము కామని యెఱిగిన దినమది. ఆ క్షణమున సగము సంకెల తెగినదని నా నమ్మకము.

పిమ్మట 555 మంది కూడి ఉన్నత న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. 2019 డిసెంబరులో సంస్థ 57.75 మిలియను పౌనులు, అనగా దాదాపు అయిదుకోట్ల డెబ్బదియేడు లక్షలు, ఇచ్చుట కొప్పుకొనెను. వ్యాజ్యపు వ్యయములు పోగా బాధితులకు మిగిలినది సుమారు కోటి యిరువది లక్షలే. ఆ నెలలోనే న్యాయమూర్తి ఫ్రేజరు ఆ యంత్రపు పద్ధతి నమ్మదగినది కాదని తీర్పు చెప్పెను. 2021 ఏప్రిలులో 39 మంది నిర్దోషులని పై న్యాయస్థానము ప్రకటించెను. 2024 జనవరిలో ఈ గాథను టెలివిజనులో నాటకముగా చూపిరి. దేశమంతయు కన్నీరు పెట్టెను. పదునైదేండ్లుగా కదలని ప్రభుత్వము అయిదు నెలలలో చట్టము చేసి, ఆ సంవత్సరము మే నెలలో, ఇంగ్లండు, వేల్సు, ఉత్తర ఐర్లండులలోని యిట్టి శిక్షల నొక్క పెట్టున రద్దుచేసెను. కాబట్టి కథలు వ్యర్థములని నే ననను. కథ ప్రజలను మేల్కొల్పును. కాని మేలుకొన్నవారికి చూపుటకు, ఇరువదియేండ్లనుండి కాగితములు దాచిన మనుష్యు డొకడు అంతకు ముందే యుండవలెను.

ఈ చరిత్రలో నా మనస్సును మిక్కిలి కదలించిన ఘట్టము న్యాయస్థానములలోనిది కాదు. హాంప్‌షైరులో నొక చిన్న పల్లె. అచ్చటి తపాలాఫీసు నడపుచుండిన యిల్లాలు, యంత్రము 2,000 పౌనుల తఱుగు చూపగా, టెలిఫోనులో చెప్పినట్లు మీటలు నొక్కెను. ఆమె కన్నులయెదుటనే ఆ తఱుగు రెట్టింపయ్యెను. తుదకు తఱుగు ముప్పదియాఱువేలని తేల్చిరి. చెఱసాలకు వెఱచి, దొంగలెక్కలు వ్రాసితినని యామె యొప్పుకొనెను. 2008లో శిక్ష విధించు దినమున ఆ యూరి జనులు గుంపుగా కదలి న్యాయస్థానమునకు పోయిరి. ఆమె చెల్లింపవలసిన సొమ్మునకు తాము చందాలు వేసికొనిరి. వారికి కంప్యూటరు తెలియునా? తెలియదు. యంత్రములో లోపమున్నదని ఋజువు కలదా? అప్పటికి లేదు. వారికి తెలిసినది ఆ మనిషి. "ఈమెను మే మెఱుగుదుము, ఈమె దొంగ కాదు" అని పలుకుటకు అంతియే చాలినది. శిక్ష తప్పలేదు గాని, ఆమె తలయెత్తుకొని బ్రతుకగలిగినది. పదుమూడేండ్ల తరువాత నిర్దోషియనిపించుకొనుట కామె ప్రాణముతో నిలిచియున్నది.

ఈ ఘట్టము నన్నేల కదలించినదో చెప్పక తప్పదు. సుమారు ముప్పదియేండ్ల క్రిందట నేను పని చేయుచుండిన యొక గ్రామమున, ఊరివారికి అప్పులిచ్చు నొక చిన్న సంస్థలో లెక్కలు వ్రాయు యువకుడొకడుండెను. వాడు నా శిష్యుడు. తరగతిలో నొకనాడు, తాను తీసిన మార్కులకంటె రెండు ఎక్కువ వేసితినని, కాగితము తెచ్చి నాకు చూపి దిద్దించుకొన్నవాడు. ఒక యేడు పద్దులో తఱుగు కనబడెను. రచ్చబండకడ పెద్దలు కూడిరి; నన్నును పిలిచిరి. వాడు నావైపు చూచి, "మాస్టరుగారూ, మీరైన ఒకసారి పుస్తకము చూడుడు" అని వేడుకొనెను. "నేను తెలుగు పండితుడను, నాకు లెక్కల సంగతి తెలియదు" అంటిని. అది తప్పించుకొనుట. కూడికలు రానివాడను కాను. పెద్దల మాటకు ఎదురు చెప్పుట యిష్టము లేకపోయినది. వాని తండ్రి రెండెకరముల భూమి అమ్మి తఱుగు పూడ్చెను. వాడు ఊరు విడిచిపోయెను. మఱుసటి యేడు పద్దులు తనిఖీ చేయ వచ్చిన గుమాస్తా, ఒక పుట యడుగున వేసిన మొత్తమును రెండవ పుటలో రెండుమాఱు లెత్తివ్రాసినట్లు కనిపెట్టెను. వ్రాసినది వాడు కాదు. ఆ నెలలో వాడు జ్వరముతో పడియుండగా వేఱొకరు వ్రాసిరి. గంటసేపు చూచినయెడల నాకే కనబడెడిది. వాని జాడ తరువాత నాకు దొరకలేదు. వాడెచ్చటనైన ఈ మాటలు వినుచున్నయెడల, వాని గురువు పదిమంది యెదుట తన తప్పొప్పుకొన్నాడని యెఱుగునుగాక.

పెద్దలారా, ఈ దినములలో మన గ్రామములలోను యంత్రములు వచ్చినవి. చౌకధరల దుకాణములో వ్రేలిముద్ర తీసికొనునది యంత్రమే. ఊరి తపాలావాని చేతనున్నదియు యంత్రమే. అవి మేలు చేయుచున్నవి, కాదనను. కాని రేపు మీ యూర నొకనిమీద యంత్రమో, పద్దో, పైనుండి వచ్చిన పెద్దమనిషియో నింద మోపినప్పుడు, మీ రరుగుమీద కూర్చుండి తీర్పు చెప్పుటకు ముందు మూడు ప్రశ్న లడుగుడు. మొదటిది: ఈ లెక్క యెట్లు వచ్చినది, మొదటినుండి చూపుదురా? రెండవది: ఇట్టి చిక్కు చుట్టుప్రక్కల మఱెవరికైన వచ్చినదా? మూడవది: నింద మోపినవారే విచారణయు చేయుచున్నారా, లేక తటస్థు డెవడైన చూచినాడా? ఈ మూటికిని సరియైన జవాబులు వచ్చి, దోషము నిజమని తేలినయెడల శిక్షింపుడు; దొంగను వెనుకవేసికొని రండని నేను చెప్పను. జవాబు రానియెడల మాత్రము ఆ మనుష్యుని ఒంటరిగా విడువకుడు. పదిమంది ప్రక్కన నిలిచినవానికి నింద సగము బరువే.

మా మనుమడు సంక్రాంతికి మఱల వచ్చును. ఈసారి వాడడిగిన ప్రశ్నకు జవాబు చెప్పగలను. "నాయనా, గోడలు పగులగొట్టువాడు వచ్చునో రాడో నాకు తెలియదు. పుస్తకము తెఱచి చూచువాడు వచ్చినయెడల చాలును. ఒకప్పుడు నన్ను పిలిచిరి, నేను పోలేదు. నిన్ను పిలిచినప్పుడు నీవు పొమ్ము" అని చెప్పెదను.

ఇక సెలవు.